పెద్ద లగ్జరీ డిపార్ట్‌మెంట్ స్టోరా, చిన్న ఫ్యాషన్ షాపా? రెండు వైపులా పనిచేసిన బయ్యర్‌గా నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉద్యోగం మారుతున్నారు. ఒక మంచి కోటు, నాలుగైదు జతల ఆఫీసు బట్టలు, చాలా ఏళ్లు మన్నే బ్యాగు ఒకటి కొనాలి. అన్ని బ్రాండ్లూ ఒకేచోట ఉండే పెద్ద లగ్జరీ డిపార్ట్‌మెంట్ స్టోర్‌కు వెళ్లాలా, లేక స్నేహితులు మెచ్చుకునే చిన్న ఫ్యాషన్ షాపుల్లో చూడాలా? సరుకులో తేడా ఉంటుందా, ధర ఎక్కడ తక్కువ, నచ్చకపోతే వెనక్కి ఎవరు తీసుకుంటారు?

సూటిగా చెబుతాను. బ్యాగు పెద్ద స్టోర్‌లో తీసుకోండి. ఆఫీసు బట్టలు చిన్న షాపులో తీసుకోండి. కోటు మాత్రం రెండుచోట్లా వేసుకుని చూశాకే తేల్చుకోండి. ఒకే బ్రాండ్, ఒకే మోడల్ నంబర్ అయితే ఎక్కడ కొన్నా అదే వస్తువు. పెద్ద స్టోర్‌కు పంపేది మేలురకం, చిన్న షాపుకు పంపేది రెండో రకం అన్నది అపోహ. సీజన్ మొదట్లో ధర కూడా దాదాపు ఒకటే. అసలు తేడా వేరే చోట ఉంది. హ్యాంగర్‌కు వేలాడుతున్న ఆ సరుకు ఎవరి డబ్బుతో వచ్చింది, అమ్ముడుపోకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఏ సరుకు తెస్తారు, మీకు ఎలాంటి సలహా ఇస్తారు, ఎప్పుడు ధర తగ్గిస్తారు, వెనక్కి తీసుకుంటారా లేదా అన్నవన్నీ చాలావరకు దీన్నిబట్టే ఉంటాయి.

నేను చాలా ఏళ్లు ఒక పెద్ద స్టోర్ బయ్యింగ్ ఆఫీసులో బయ్యర్‌గా, అంటే స్టోర్‌లో అమ్మాల్సిన సరుకు ఎంచి కొనే మనిషిగా, ఆడవాళ్ల రెడీమేడ్ విభాగం చూశాను. ఇప్పుడు ఒక చిన్న షాపుకు సరుకు ఎంపిక చేసే పని చేస్తున్నాను. కాబట్టి కింద చెప్పేది ఎక్కువగా కౌంటర్‌కు అవతలి వైపు నుంచి కనిపించేది.

ఆ ఫ్లోర్ ఎవరిది?

పెద్ద స్టోర్‌లో అడుగుపెట్టగానే అంతా ఒకే యజమాని సరుకులా కనిపిస్తుంది. బోర్డు మీద ఒకటే పేరు, ఒకటే బిల్లు, ఒకటే సంచి. లోపలి లెక్క వేరు. కొంత సరుకు స్టోర్ తన డబ్బు పెట్టి టోకున కొన్నది. ఇంకొంత, ముఖ్యంగా లగ్జరీ బ్యాగులు, వాచీలు, నగలు, కాస్మెటిక్స్ దగ్గర చాలా భాగం, బ్రాండ్ తనే స్థలం తీసుకుని నడుపుకునేది. దీన్ని కన్సెషన్ అంటారు. అందులో సరుకు బ్రాండ్‌ది, ధర బ్రాండ్ నిర్ణయించేది, అక్కడ నిలబడి అమ్మేవాళ్లూ సాధారణంగా బ్రాండ్ మనుషులే. అమ్మకం మీద కొంత శాతం స్టోర్‌కు ముడుతుంది, అంతే.

దీనివల్ల మీకు ఒరిగేదేమిటి, పోయేదేమిటి? ఆ మూల నిలబడ్డ అమ్మాయికి, నాలుగు అడుగుల అవతల ఇంకో బ్రాండ్ దగ్గర ఉన్న కోటు మీ భుజాలకు చక్కగా కుదురుతుందని తెలిసినా నోరు విప్పదు. విప్పితే ఆమె టార్గెట్ పోతుంది. అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి కాబట్టి పోల్చి చూపిస్తారులే అనుకుని వెళితే నిరాశే. పోల్చుకునే పని మీరే చెయ్యాలి. స్టోర్ కార్డు మీద వచ్చే తగ్గింపులు కూడా చాలాసార్లు ఈ కన్సెషన్ మూలలకు వర్తించవు. బిల్లు దగ్గరికి వెళ్లాక ఆ సంగతి తెలిసి మొహం మాడ్చుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో.

దీనికి ఒక విరుగుడు ఉంది, చాలామంది వాడుకోరు. పెద్ద లగ్జరీ స్టోర్లలో పర్సనల్ షాపర్ సర్వీసు ఉంటుంది. చాలాచోట్ల దానికి విడిగా డబ్బు తీసుకోరు, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే చాలు. ఆ మనిషి జీతం స్టోర్ ఇస్తుంది కాబట్టి ఏ బ్రాండ్ నుంచైనా తీసుకొచ్చి ఒకే గదిలో మీ ముందు పెట్టగలరు. కోటు కోసం వెళ్లేటప్పుడు తప్పకుండా అడగండి. బాగా డబ్బున్నవాళ్లకే అనుకుని వెనకాడకండి. ఎంతవరకు పెట్టగలరో మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి, వాళ్లకూ పని తేలికవుతుంది.

సేల్స్‌మనిషిని మామూలుగా, నవ్వుతూనే, ఒక మాట అడగండి: "మీరు స్టోర్ తరఫున పనిచేస్తారా, బ్రాండ్ తరఫునా?" దాచే సంగతేమీ కాదు, చెబుతారు. ఆ తర్వాత వాళ్లిచ్చే సలహాను ఎంతవరకు నమ్మాలో మీకే తెలిసిపోతుంది.

పెద్ద స్టోర్ సరుకు ఎందుకు ఒకేలా ఉంటుంది

స్టోర్ తన డబ్బుతో కొనే సరుకు సంగతి చూద్దాం. బయ్యర్ చేతికి సీజన్‌కు ఇంత అని బడ్జెట్ ఇస్తారు. ఆ బడ్జెట్ కిందటేడు లెక్కల మీద వస్తుంది. ఏ కత్తిరింపు, ఏ రంగు, ఏ సైజు, పూర్తి ధరకు ఎంత శాతం అమ్ముడైంది అన్నది పట్టికలో ఉంటుంది. నల్ల ప్యాంటు బాగా పోయిందా, ఈ ఏడు నల్ల ప్యాంటుకు ఎక్కువ డబ్బు.

నేను అక్కడ ఉండగా ఒక కొత్త డిజైనర్ బూడిదా ఆకుపచ్చా కలిసిన రంగులో సూటు తెచ్చింది. గుడ్డ అద్భుతం, భుజం కూర్చున్న తీరు ఇంకా అద్భుతం. మీటింగ్‌లో వచ్చిన ప్రశ్న ఒక్కటే: "దీనికి కిందటేడు పోలిక ఏది?" పోలిక లేదు, బడ్జెట్ రాలేదు. అదే డిజైనర్ సరుకు తర్వాత మా చిన్న షాపుకు తెచ్చాం. సైజుకు ఒకటి, మధ్య సైజులకు రెండేసి, మొత్తం ఎనిమిది పీసులు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే అందులో సగం పీసులు ఎవరెవరికి సరిపోతాయో మాకు పేర్లతో సహా తెలుసు. పెట్టె రాగానే వాళ్లకు ఫోన్ చేశాం.

చిన్న షాపు బలం ఇదే. మంచి అభిరుచి అనే మాట కంటే, కొనే మనిషి కళ్లముందు ఉండటం అనడం సరైనది. లండన్‌లో బ్రౌన్స్ అనే షాపు నడిపిన జోన్ బర్స్టీన్ 1984లో ఒక విద్యార్థి డిగ్రీ ప్రదర్శన చూసి, ఆ కలెక్షన్ మొత్తం తీసుకుని తన షాపు అద్దాల వెనక పెట్టింది. ఆ కుర్రాడి పేరు జాన్ గలియానో. తర్వాత దియోర్ లాంటి సంస్థకు డిజైనర్ అయ్యాడు. కిందటేడు పట్టిక ముందు పెట్టుకుని ఎవరూ అలాంటి నిర్ణయం తీసుకోలేరు.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆ ఎనిమిది పీసుల్లో మీ సైజు లేదంటే లేనట్టే. చిన్న షాపుకు మళ్లీ తెప్పించే వీలు చాలా తక్కువ, ఎందుకంటే ఫ్యాక్టరీ ఆ మోడల్ కుట్టడం అప్పటికే ఆపేసి ఉంటుంది. పెద్ద స్టోర్ అయితే వేరే బ్రాంచి నుంచి రెండు మూడు రోజుల్లో తెప్పిస్తుంది. మీది మరీ చిన్న సైజో, మరీ పెద్ద సైజో అయితే చిన్న షాపుల్లో సగం సమయం వృథా అవుతుంది. వెళ్లే ముందు ఫోన్ చేసి సైజు అడగడమే మేలు. చెప్పులు, బూట్ల విషయంలో నేనైతే చిన్న షాపు జోలికే వెళ్లను. అర సైజులు, వెడల్పు రకాలు అన్నీ నిల్వ పెట్టాలంటే డబ్బూ స్థలమూ కావాలి, అవి పెద్దవాళ్ల దగ్గరే ఉంటాయి.

మొహమాటం లెక్క

ఇది ధర చీటీ మీద కనిపించని ఖర్చు. పెద్ద స్టోర్‌లో గంటసేపు తిరిగి, పది వేసుకు చూసి, ఏమీ కొనకుండా బయటికి వస్తే ఎవరూ పట్టించుకోరు. రెండు గదుల షాపులో యజమాని స్వయంగా మంచినీళ్లిచ్చి, ఆరు డ్రెస్సులు విప్పి చూపించాక ఉత్త చేతులతో రావడం చాలామందికి చేతకాదు. మా షాపులోనూ చూస్తుంటాను. చివరికి మొహమాటానికి ఒక స్కార్ఫో బెల్టో కొంటారు, అది బీరువాలో పడి ఉంటుంది.

కొనకపోయినా లోపలికి వచ్చి చూసి పోవచ్చు అనే స్వేచ్ఛ ఇప్పుడు మామూలుగా అనిపిస్తుంది గానీ, దాన్ని జనానికి అలవాటు చేసింది డిపార్ట్‌మెంట్ స్టోరే. పారిస్‌లో అరిస్టీడ్ బూసికో 1852లో లె బాన్ మార్షే అనే దుకాణంలో భాగస్వామిగా చేరాక ధర చీటీ మీదే రాయడం, ఎవరినైనా లోపలికి రానివ్వడం, నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం పద్ధతిగా మార్చాడు. స్థిరమైన ధర అనే ఆలోచన అంతకంటే పాతది. జపాన్‌లో మిత్సుకోషీ స్టోర్‌కు మూలమైన ఎచిగొయా దుకాణం 1673లోనే మొదలైంది, నగదుకు, బేరం లేని ధరకు అమ్మడంతోనే పేరు తెచ్చుకుంది. 1909లో లండన్‌లో సెల్ఫ్రిడ్జెస్ తెరిచిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ ఏడాదే ఇంగ్లిష్ ఛానల్ దాటి వచ్చిన లూయీ బ్లెరియో విమానాన్ని తెచ్చి స్టోర్‌లో ప్రదర్శనకు పెట్టాడు. కొన్నా కొనకున్నా జనం రావాలి, అదే ఆయన లెక్క. మీరు రెండు బ్యాగులు పట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి ఏదీ కొనకుండా వచ్చినా ఎవరూ ఏమీ అనకపోవడం వెనక ఆ లెక్కే ఉంది, దాన్ని నిస్సంకోచంగా వాడుకోండి.

అన్నట్టు, కింది అంతస్తులో ఎప్పుడూ సెంట్లు, కాస్మెటిక్సే ఉండటం కూడా యాదృచ్ఛికం కాదు. తక్కువ చోటులో ఎక్కువ లాభం, సైజుల గొడవ లేదు, దారినపోయేవాళ్లూ ఆగి కొంటారు. కోటు కోసం వచ్చినవాళ్లు పైకి ఎస్కలేటర్ ఎక్కేలోపు రెండు చోట్ల ఆగాల్సిందే. మీరు మాత్రం సరాసరి లిఫ్ట్ దగ్గరికి వెళ్లండి.

చిన్న షాపులో మొహమాటం తగ్గించుకునే దారి ఒకటి చెబుతాను. లోపలికి వెళ్లగానే, "ఈరోజు కొనను, చూసి వెళతాను, పై వారం మళ్లీ వస్తాను" అని ముందే చెప్పేయండి. మంచి యజమాని అయితే ఇంకా శ్రద్ధగా చూపిస్తుంది. మొహం ముడుచుకుందంటే ఆ షాపు సంగతి మొదటి నిమిషంలోనే తెలిసిపోయినట్టు.

చిన్న షాపు అన్నంత మాత్రాన నమ్మకండి

చిన్నది అంటే నిజాయితీ, పెద్దది అంటే మోసం అనే భావన ఒకటి తిరుగుతూ ఉంటుంది. నాకు అది నచ్చదు. చిన్న షాపుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి, యజమాని స్వయంగా ఫ్యాషన్ షోలకు వెళ్లి ఒక్కో పీసూ ఎంచి తెచ్చేది. రెండోది, టోకు మార్కెట్లో కట్టలు కట్టలుగా దొరికే సరుకు తెచ్చి, పాత లేబుల్ కత్తిరించి, తమ పేరున్న లేబుల్ కుట్టుకునేది. రెండో జాతి షాపులో లైటింగ్, పూలకుండీ, చేతిరాత బోర్డు అన్నీ మొదటిదానిలాగే ఉంటాయి, ధర కూడా.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. మెడ వెనక లేబుల్ దగ్గర గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఇప్పుడున్న కుట్టు పక్కనే వరుసగా చిన్న చిన్న సూది రంధ్రాలు కనిపిస్తే, అక్కడ ఇంకో లేబుల్ ఉండేదన్నమాట. పక్క కుట్టులో ఉండే వాష్ కేర్ చీటీ సగానికి కత్తిరించి ఉన్నా అదే అర్థం. ఫోన్‌లో ఫొటో తీసి బొమ్మతో వెతికితే అదే డ్రెస్ నాలుగు వేరే పేర్లతో, నాలుగు ధరలతో కనిపిస్తుంది. లేబుల్ మార్చడం ప్రతిసారీ తప్పని అనను, కొందరు సరుకు బాగా చూసే ఎంచుతారు. కానీ డిజైనర్ సరుకు ధర ఇచ్చి కొనాల్సినది కాదు.

సలహా విషయంలోనూ అంతే. చిన్న షాపులో సరుకు యజమాని సొంత డబ్బు కాబట్టి, అమ్ముడుపోని పీసు మీకు అంటగట్టాలనే ఆశ ఆమెకూ ఉంటుంది. అదే సమయంలో మీరు మళ్లీ రావాలనే అవసరం ఇంకా ఎక్కువ ఉంటుంది. ఈ రెండిట్లో ఏది గెలుస్తుందో తెలియాలంటే ఇలా అడగండి: "ఈ ర్యాక్‌లో నాకు నప్పనిది ఏది?" మంచి షాపులో వెంటనే రెండు తీసి పక్కన పెట్టి, కారణం కూడా చెబుతారు: "మీ నడుము పొట్టి, ఈ బెల్టు ఇంకా పొట్టిగా చూపిస్తుంది" అని. "మీకు అన్నీ బావుంటాయండీ" అంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి.

కోటు దగ్గర చూడాల్సినవి

ఎక్కడ కొన్నా ఈ చూపు మీదే కావాలి, ఎవరూ మీ తరఫున చూడరు. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మొదట భుజం. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర కూర్చోవాలి. నడుము, పొడవు, చేతులు తర్వాత సరిచేయవచ్చు. భుజం సరిచేయడమంటే కోటు సగం విప్పి మళ్లీ కుట్టడమే, అందుకు అయ్యే ఖర్చు చూస్తే కొన్న ఆనందం ఆవిరైపోతుంది. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, స్టీరింగ్ పట్టుకున్నట్టు పెట్టండి. వీపు మీద బిగిస్తే సైజు మార్చండి. లోపల మీరు ఆఫీసుకు వేసుకునే మందం బట్టలతోనే వెళ్లండి, పలచటి చొక్కాతో చూసి కొంటే తర్వాత గుండీ పడదు.

చేతి చివర గుండీలు నిజంగా తెరుచుకునేవో, ఊరికే కుట్టినవో చూడండి. నిజమైన కాజాలు అందంగానే ఉంటాయి, కానీ చేతులు కుదించాల్సి వస్తే కింద నుంచి కత్తిరించడం కుదరదు, పైన భుజం దగ్గర విప్పాలి. చేతులు పొడవైతే ఆ కోటు వదిలేయడమే మంచిది. లోపలివైపు తిప్పి, పక్క కుట్లలో ఎంత గుడ్డ వదిలారో వేలితో తడిమి చూడండి. వేలి వెడల్పు ఉంటే రేపు వదులు చేసుకోవచ్చు. సన్నగా కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టేసి ఉంటే ఆ అవకాశం లేదు. గళ్లో చారలో ఉంటే పక్క కుట్టు దగ్గర, జేబు మూత దగ్గర కలిశాయా చూడండి. కలపడానికి గుడ్డ వృథా అవుతుంది, పొదుపు చేసినవాళ్లు ముందు అక్కడే చేస్తారు. లైనింగ్ పాలిస్టర్ అయితే చెమట పడుతుంది. విస్కోస్, కుప్రో లాంటివి ఒంటికి హాయిగా ఉంటాయి. కోటు ధర పెరిగిందని లైనింగ్ మంచిదే వేస్తారని అనుకోవద్దు. పేరున్న లేబుళ్లలోనూ పాలిస్టర్ చాలా చూశాను.

ఇక వెలుతురు. పెద్ద స్టోర్ల ట్రయల్ రూముల్లో లైట్లు ఒంటిని అందంగా చూపించేలా అమరుస్తారు. నలుపుకూ ముదురు నీలానికీ తేడా తెలియదు. కోటు వేసుకుని కిటికీ దగ్గరికి నడవండి. కిటికీ లేకపోతే తలుపు దగ్గరికి. ఎవరూ ఏమీ అనరు.

ఆల్టరేషన్ దగ్గర మాత్రం చిన్న షాపుకే నా ఓటు. మా దగ్గర ఒక భుజం కొంచెం వాలినట్టు ఉండే ఒకావిడ వస్తుంది. ఆమెకు కోటు అమ్మినప్పుడల్లా మా టెయిలర్ ఆ వైపు లోపల పలచటి ప్యాడ్ ఒకటి వేస్తాడు. ఆ సంగతి మా పుస్తకంలో ఆమె పేరు పక్కన రాసి ఉంటుంది, ఆమె ప్రతిసారీ చెప్పుకోనక్కర్లేదు. పెద్ద స్టోర్లలోనూ గొప్ప టెయిలర్లు ఉన్నారు. కానీ అక్కడ పిన్ను పెట్టేది ఒకరు, కుట్టేది ఇంకొకరు, మధ్యలో ఒక చీటీ. చీటీ మీద రాయనిది పోతుంది.

ధర, సేల్

రిటైల్ ధర సాధారణంగా టోకు ధరకు రెండు నుంచి రెండున్నర రెట్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఇది పెద్దవాళ్లకూ చిన్నవాళ్లకూ దాదాపు ఒకటే. తేడా సరుకు మిగిలిపోయినప్పుడు వస్తుంది. పెద్ద స్టోర్‌కు బేరమాడే బలం ఉంది. అమ్ముడుపోని సరుకును బ్రాండ్‌కు తిప్పి పంపడం, లేదా తగ్గించి అమ్మినందుకు పడ్డ లోటును బ్రాండ్ దగ్గరే రాబట్టడం ఒప్పందంలోనే రాయించుకోగలదు. అందుకే అక్కడ సేల్ క్యాలెండర్ ప్రకారం వస్తుంది, మెట్లు మెట్లుగా తగ్గుతుంది. చిన్న షాపుకు ఆ సదుపాయం లేదు. వచ్చే సీజన్ పెట్టెలకు డబ్బు కట్టాల్సిన సమయం వచ్చినప్పుడే యజమాని ధర తగ్గిస్తుంది. ఆ సమయం ఎప్పుడంటే, చలికాలం సరుకు జూలై, ఆగస్టుల్లో దిగడం మొదలవుతుంది. వేసవి సరుకు జనవరి, ఫిబ్రవరిల్లో. దానికి కొద్ది వారాల ముందు వెళ్లి మర్యాదగా అడిగితే, బోర్డు పెట్టకపోయినా తగ్గించవచ్చు.

కాబట్టి పెద్ద స్టోర్‌లో ఆగి కొనడం లాభం, అక్కడ సైజులు చాలా ఉంటాయి. చిన్న షాపులో ఆగితే మీ సైజు ఉండదు, నచ్చింది పూర్తి ధరకైనా పెట్టె దిగిన వారమే తీసుకోవాలి. బ్యాగు దగ్గర ఈ లెక్కే పనికిరాదు. లూయీ వ్యుటాన్ లాంటి సంస్థలు తమ సొంత షాపుల్లోనే, స్టోర్ల లోపల ఉన్న తమ మూలల్లోనే అమ్ముతాయి, సేల్ పెట్టవు. మరికొన్ని పెద్ద బ్రాండ్లు కూడా ఈ మధ్య చిన్న షాపులకు టోకు ఇవ్వడం బాగా తగ్గించాయి. అలాంటి బ్రాండ్ బ్యాగు ఏదైనా చిన్న షాపులో కొత్తదని, తక్కువ ధరకని కనిపిస్తే, అది అసలుదే అయినా బ్రాండ్ నియమించిన దారిలో రాలేదని అర్థం. రేపు జిప్ పాడైతే బ్రాండ్ సర్వీసు దగ్గర బిల్లు అడుగుతారు, అక్కడ తలనొప్పి మొదలవుతుంది. అందుకే బ్యాగు పెద్ద స్టోర్‌లో అన్నాను.

స్టోర్ పేరు పెట్టుకున్న ఔట్‌లెట్ల గురించి ఒక్క మాట. 1973లో సియాటెల్‌లో నార్డ్‌స్ట్రమ్ తన స్టోర్ బేస్‌మెంట్‌లో మిగిలిన సరుకు తగ్గించి అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఔట్‌లెట్ అంటే నిజంగా మిగిలిన సరుకే. ఇప్పుడు చాలా ఔట్‌లెట్లలో, ఎవరి పేరుతో ఉన్నా, ఔట్‌లెట్ కోసమే తక్కువ ఖర్చుతో కుట్టించిన సరుకు కలిసి ఉంటుంది. చీటీ మీద కొట్టేసిన పాత ధరకు అది ఎప్పుడూ అమ్మి ఉండరు. లైనింగ్, జిప్ చూస్తే తెలిసిపోతుంది.

ఎవరు నిలబడతారు?

షాపు రేపటికి ఉంటుందా అని మీరు అడగలేదు గానీ, మీరడిగిన రిటర్న్ సంగతి దీనితో ముడిపడి ఉంది. పెద్దది కాబట్టి ఎక్కడికీ పోదు అనుకోకండి. న్యూయార్క్‌లో ఎంతో పేరున్న బార్నీస్ 2019లో దివాలా పిటిషన్ వేసింది, మరుసటి ఏడాది మొదట్లో మూతపడింది. 2020 మేలో నీమన్ మార్కస్ అనే మరో అమెరికన్ లగ్జరీ స్టోర్ సంస్థ దివాలా రక్షణ కోరింది, తర్వాత బయటపడింది. 2024 చివర్లో దాన్ని, దాని పోటీ స్టోర్ సాక్స్ యజమానులు కొన్నారు. 2025లో ఆ కొత్త సంస్థ, సరుకు అందిన 90 రోజులకు డబ్బు చెల్లిస్తామని బ్రాండ్లకు చెప్పినప్పుడు చిన్న డిజైనర్లు లబోదిబోమన్నారు. వాళ్లు గుడ్డ కొన్నవాళ్లకు, కుట్టినవాళ్లకు ముందే డబ్బు కట్టాలి మరి. మీకు పెద్ద స్టోర్లలో కొత్త పేర్లు తక్కువ కనిపించడానికి ఇదీ ఒక కారణం.

చిన్న షాపు కథ వేరు. అక్కడ షాపంటే ఒక మనిషి. పారిస్‌లో 1997లో మొదలై ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కొలెట్ 2017 డిసెంబర్‌లో మూతపడింది, నష్టం వచ్చి కాదు, యజమానురాలు ఇక విశ్రాంతి తీసుకుంటానంది. బీబా ఇంకా వింత. లండన్‌లో 1964లో బార్బరా హులానికీ తెరిచిన చిన్న షాపు అది, కుర్రకారు ఎగబడేవారు. 1973లో ఏడంతస్తుల డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనంలోకి మారింది. చూడటానికి జనం విరగబడి వచ్చారు, కొన్నవాళ్లు తక్కువ. 1975లో మూసేశారు. చిన్న షాపును చిన్నగా ఉంచడం కూడా ఒక వ్యాపార నిర్ణయమేనని మా వాళ్లు ఎవరైనా రెండో బ్రాంచి మాట ఎత్తినప్పుడల్లా నేను బీబా పేరు చెబుతుంటాను.

మీ వరకు వస్తే: గిఫ్ట్ కార్డులు, క్రెడిట్ నోట్లు ఎక్కడివైనా నెలల తరబడి దాచుకోకండి. షాపు మూతపడితే బ్యాంకులు, జీతాలు అన్నీ అయ్యాకే మీ వంతు వస్తుంది, చాలాసార్లు రాదు. వెనక్కి తీసుకునే విషయంలో పెద్ద స్టోర్ చాలా మెరుగు. బిల్లు, చీటీ ఉంటే ఎక్కువ ప్రశ్నలు లేకుండా డబ్బు తిరిగి ఇస్తారు. చిన్న షాపులు ఎక్కువగా మార్చి ఇస్తాయి, లేదా క్రెడిట్ నోట్ రాసిస్తాయి. అది పిసినారితనం కాదు, ఆ డబ్బు అప్పటికే డిజైనర్‌కు వెళ్లిపోయి ఉంటుంది. కొనే ముందే అడిగి, ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి.

మీ కొనుగోలు వరుస నేనైతే ఇలా పెడతాను. మొదట పెద్ద స్టోర్‌కు వెళ్లి కోట్లు వేసుకు చూసి, మీకు కుదిరిన కత్తిరింపు, సైజు రాసుకోండి, కొనకండి. బ్యాగు నచ్చితే తీసేసుకోండి. తర్వాత రెండు మూడు చిన్న షాపులకు ఆ చీటీ పట్టుకుని వెళ్లండి. ఆఫీసు బట్టలు అక్కడ మొదట ఒక్క జతే కొని, నాలుగైదు సార్లు వేసుకుని ఉతికాక మిగతావి కొనండి. రంగు, కుట్టు, షాపు మాట, మూడూ ఆ లోపు తేలిపోతాయి. కోటు ఎక్కడ కొన్నా ఆల్టరేషన్‌కు వెంటనే ఇవ్వకండి. కత్తిరించాక ఎవరూ వెనక్కి తీసుకోరు కాబట్టి, చీటీ తీయకుండా ఇంటికి తెచ్చి, ఆఫీసుకు వేసుకునే బూట్లతో, భుజాన బ్యాగుతో ఒకసారి వేసుకు చూసి అప్పుడు ఇవ్వండి.